ఉపాధ్యాయ విద్యార్థుల విదేశయాత్ర

(రుషికొండ పఠనమందిరమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న విద్యార్థుల యెదుట మేము చేసిన ఉపన్యాసము. మిత్రుల కోరికపై కొలదిగా సవరించి ప్రకటించుచున్నాము.)



మమ్ము ఇచ్చటికి పిలిచిన మిత్రులు విదేశపు బడులలో బోధనాభ్యాసము అను విషయమును గూర్చి మాటలాడుమనిరి. మేము ఉపాధ్యాయులము కాము. ఇరువది యేండ్లుగా న్యాయస్థానమున వాదించుచు, సెలవుదినములందు గ్రంథాలయోద్యమమువారితో కలిసి పుస్తకముల మూటలు మోయుచు కాలము గడపుచున్నవారము. అయినను ఈ విషయము మా బల్లమీదికి తనంత తానే వచ్చినది. ఎట్లు వచ్చినదో ముందు చెప్పెదము.

గత వేసవిలో నొక సాయంకాలము ఈ తీరమునకు చేరువనున్న జాలరిపల్లె నుండి ఒక పెద్దమనిషి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ బిడ్డ బి.ఇడి. చదువుచున్నది. చేతిలో నిగనిగలాడు కరపత్రమొకటి, ఒప్పందపు కాగితములు నాలుగు. "బాబూ, మా పిల్ల పైదేశం ఎల్లి అక్కడి బడిలో పాటాలు సెప్పి వత్తాదట. వచ్చినాక పెద్ద ఇస్కూల్లో ఉజ్జోగం రెడీ అంటన్నారు. ఇంటి జాగా తాకట్టెడితే సరిపోద్ది. ఈ కాయితం మీద సంతకం ఎట్టమంటారా?" అని యడిగెను.

మేము కాగితములు చదివితిమి. ఆ యమ్మాయి చెల్లింపవలసిన సొమ్ము మూడు వాయిదాలుగా, పైసతో సహా, వ్రాయబడి యున్నది. ఏ బడిలో బోధించును? వ్రాయలేదు. ఏ తరగతికి? వ్రాయలేదు. ఎవరి పర్యవేక్షణమున? అదియు లేదు. వీసా రానిచో సొమ్ము తిరిగి యియ్యబడదని మాత్రము చిన్న యక్షరములతో నున్నది. వివాదము వచ్చినయెడల పోవలసిన న్యాయస్థానము పేరును ఉన్నది. అది విశాఖపట్టణమునకు ఎంతో దూరముననున్న వేఱొక నగరమున. ఇంతయు రెండు వారముల యాత్రకు!

సంతకము వలదంటిమి. ఆ బిడ్డ కన్నుల నీరు తిరిగెను. ఆ నీరు మమ్ము నేటికిని బాధించుచున్నది. ఏలయన, ఆమె కోరినది తప్పు కాదు. తప్పుడు కాగితమును వలదనుట సులభము. సరియైన దారి చూపుట మా చేత నాడు కాలేదు. ఆ లోటు తీర్చుకొనుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

సముద్రము దాటి విద్య నేర్చుట మనకు క్రొత్త కాదు. ఇచ్చటినుండి భీమిలి దారిన కొంతదూరము పోయిన తొట్లకొండ, బావికొండ కనబడును. రెండువేల యేండ్లకు పూర్వము అచ్చట బౌద్ధ భిక్షువులు సముద్రమునకు ఎదురుగా విహారములు కట్టుకొని యుండిరి. తొట్లకొండ త్రవ్వకములలో శాతవాహనుల నాణెములతోబాటు రోమకుల వెండి నాణెములును దొరకినవి. నాగార్జునకొండ శాసనములలో సింహళ భిక్షువులకై కట్టిన విహారము పేరు వినబడుచున్నది. వచ్చుట, పోవుట, నేర్చుట, నేర్పుట ఈ గట్టుమీద అప్పుడే జరిగినవి. కావున కడలి దాటరాదని చెప్పువారితో మాకు పొత్తు లేదు.

మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునే చూడుడు. 1926లో దానికి ప్రథమ ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివినవారు. అమెరికాకు పోయి అచ్చటి విద్యాపద్ధతులను చూచి వచ్చినవారు. ఆ చూపును మొదట మైసూరు సంస్థానపు విద్యాశాఖకును, పిమ్మట మన వాల్తేరునకును వినియోగించిరి. పోయినవాడు తెచ్చినదేమి యని యడిగినచో చూపుటకు అచ్చట ఒక విశ్వవిద్యాలయము కలదు.

ఇంకను దూరము పోయి ఫిన్లాండు సంగతి చెప్పెదము. నేడు ప్రతివారును ఆ దేశపు బడుల పేరు జపించుచున్నారు. ఆ బడులు ఎట్లు పుట్టినవో తెలిసికొనువారు కొలదిమంది. పందొమ్మిదవ శతాబ్దమున ఫిన్లాండు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. చదువుకొన్నవారి భాష స్వీడిషు, పల్లెవాని భాష ఫిన్నిషు. ఆ కాలమున ఊనో సిగ్నేయస్ అను మతాచార్యుడు 1858, 59 సంవత్సరములలో స్వీడను, జర్మనీ, స్విట్జర్లాండు మొదలగు దేశములు తిరిగి, ఉపాధ్యాయులను తయారుచేయు విధమును కన్నులార చూచెను. తిరిగి వచ్చి 1863లో యువాస్కులా పట్టణమున ఉపాధ్యాయ శిక్షణాలయమును నెలకొల్పెను. ఏ భాషలో ననుకొన్నారు? జర్మను భాషలో కాదు, స్వీడిషులో కాదు, పల్లెవాని ఫిన్నిషులో. చేతిపనిని ప్రాథమిక విద్యలో నొక యంగముగ చేసెను. పరదేశమునుండి పద్ధతిని తెచ్చెను గాని పరభాషను తెచ్చి పిల్లల నెత్తిన పెట్టలేదు. ఆ మూలమునుండి పెరిగిన వృక్షమునకే నేడు మనవారు విమానమెక్కి ప్రదక్షిణము చేయుచున్నారు.

ఇక పరదేశి కన్ను మన బడికి చేసిన మేలు ఒకటి ఈ విశాఖపట్టణముననే జరిగినది. ఇరువదవ శతాబ్దపు మొదటి దశకమున యేట్సు దొరగారు ఈ ఉత్తర జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిరి. తెలుగు నేర్చుకొనబోవగా పుస్తకములోని తెలుగొకటి, జనుల నోటి తెలుగొకటి. ఇది యేమని ఆయన ప్రశ్నించెను. ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను గురజాడవారి కడకును, గిడుగువారి కడకును నడిపించిరి. దాని ఫలితము మీ రెఱుగుదురు. మనము దినదినము చూచుచు చూడనిదానిని క్రొత్తగా వచ్చినవాడు చూచెను. విదేశపు బడిలో అభ్యాసము చేయుటవలన కలుగు నిజమైన లాభము ఇదియే. అచ్చట కొన్ని నెలలున్నవాడు తిరిగి వచ్చి తన తరగతిని పరదేశి కన్నుతో నొకసారి చూడగలుగును. (ఈ యుపన్యాసపు భాషను గిడుగువారు వినియుండినచో ఏమనియుందురో మే మెఱుగుదుము. చిన్ననాటి యలవాటు, క్షమింతురు గాక.)

కాని ఆ కన్ను రెండు వారములలో రాదు. అభ్యాసమనగా ఏమి? జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారము రెండేండ్ల బి.ఇడి.లో ఇరువది వారములు బడిలో గడపవలయును. మొదటి యేట నాలుగు, రెండవ యేట పదునారు. ఆ పదునారు వారములు మన జిల్లాలలో ఎట్లు గడచుచున్నవో మీకు తెలియును, మాకును తెలియును. బడి గుమ్మము త్రొక్కకయే హాజరు పడినవారు కలరు. పాఠ్యప్రణాళికల రికార్డు వెలకు కొనినవారు కలరు. మీరు నవ్వుచున్నారు, వెనుక వరుసలో నవ్వనివారిని కూడ చూచుచున్నాము. ఇచ్చటి పదునారు వారములను కాగితముమీద గడపి, అచ్చటి రెండు వారములకు ఇల్లు తాకట్టు పెట్టుట ఎక్కడి న్యాయము?

ఫిన్లాండులో గురువు కాగోరువాడు విశ్వవిద్యాలయమున ఎం.ఏ.తో సమానమైన పట్టాకై సుమారు అయిదేండ్లు చదువును. ప్రతి శిక్షణ విశ్వవిద్యాలయమునకు అనుబంధముగ నొక అభ్యాస పాఠశాల యుండును. అచ్చటి ఉపాధ్యాయుని వృత్తి పిల్లలకు బోధించుటతో తీరదు. బోధింప నేర్చుకొనువానిని వెనుక కూర్చుండి గమనించి, తరగతి ముగిసినపిదప ఎదుట కూర్చుండబెట్టుకొని మాటలాడుట కూడ ఆయన పనియే. మీరు విదేశమునకు పోదలచినచో మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇది: మా వెనుక కూర్చుండువా రెవ్వరు? దానికి పేరుతో ప్రత్యుత్తరము రానిచో అది అభ్యాసము కాదు, విహారయాత్ర. విహారయాత్ర చేయదగనిదని మేమనము. దాని ధర వేఱు.

రెండవ ప్రశ్న విచిత్రముగ తోచవచ్చును. పిల్లలలోనికి నన్ను పంపుటకు ముందు నన్ను గూర్చి ఆ బడివారు ఏమి విచారించిరి? ఇంగ్లండులో పిల్లల నడుమ పనిచేయబోవువారి పూర్వచరిత్రను ప్రభుత్వశాఖ ద్వారా పరిశీలించు పద్ధతి కలదు. మనవారిని పోలీసు ధ్రువపత్రము తెమ్మందురు. ఏమియు నడుగక, సొమ్ము చేరగానే ముక్కు మొగము తెలియని మనుష్యుని పసిపిల్లల గదిలో ప్రవేశపెట్టు సంస్థ తన పిల్లలను కాపాడుట లేదు. మిమ్ము మాత్రము కాపాడునా? బీద దేశములలో అనాథ శరణాలయముల పేర ఇట్టి వ్యాపారము సాగిన సంగతి లోకవిదితము. మన బడులకు వచ్చు విదేశ విద్యార్థుల విషయమునను ఇదే ప్రశ్న వేయవలయును. తెల్లనివాడు రాగానే పూలదండ వేసి తరగతి నప్పగించుట మర్యాద కాదు.

ఇక మా వృత్తికి సంబంధించిన మాట. పరదేశమున ఉద్యోగమునకు మనుష్యులను పంపువారు 1983 నాటి ప్రవాస చట్టము క్రింద నమోదు కావలయును. వారు తీసికొనదగిన సేవారుసుమునకు ముప్పదివేల రూపాయలు, దానిపై పన్ను, అని హద్దు కలదు. కాని ఆ చట్టము ఉద్యోగమునకై పోవువారిని ఉద్దేశించినది. జీతము లేనిది, పైగా మనమే సొమ్ము చెల్లించునది ఉద్యోగము కాదని వాదించుటకు తావున్నది. 'ఇంటర్న్‌షిప్' అను ముద్దుపేరు అందుకే పెట్టుచున్నారని మా యనుమానము. పేరు మారగానే హద్దు మాయమగును! అట్టిచోట మీకు మిగులు ఆయుధము 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. ఒప్పందమున ఏ నగరము పేరు వ్రాసినను, మీరు నివసించుచోటనే ఫిర్యాదు చేయుటకు ఆ చట్టము వీలు కల్పించినది. మరియొకటి: యాత్రికుల వీసాతో పోయి బడిలో పాఠము చెప్పుట పెక్కు దేశములలో నేరము. "అందఱును అట్లే పోవుచున్నారు" అను మాట విమానాశ్రయమున చెల్లదు.

పట్టా చేతనున్న ఉపాధ్యాయులకే ఎట్టి గతి పట్టినదో వినుడు. 2007 మొదలుకొని 350 మందికి మించిన ఫిలిప్పీను ఉపాధ్యాయులు అమెరికాలోని లూసియానా రాష్ట్రపు బడులలో పనికి పోయిరి. ఒక్కొక్కరును సుమారు పదునారువేల డాలర్లు చెల్లించిరి. అనేకులు అధికవడ్డీకి అప్పు తెచ్చిరి. పోయినవారు అనుభవజ్ఞులు, ఇంగ్లీషు బాగుగా వచ్చినవారు. అయినను అప్పు మెడకు చుట్టుకొన్నవాడు నోరు మెదపలేడు గదా! చివరకు వారే ధైర్యము చేసి వ్యాజ్యము వేయగా, 2012 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానమున జ్యూరీ వారికి నలుబదియైదు లక్షల డాలర్ల పరిహారము నిర్ణయించెను. గెలిచిరి నిజమే. ఆ నడుమ గడచిన యేండ్లకు పరిహార మెవ్వ రిత్తురు?

ఈ నగరమున ఉక్కు కర్మాగారమునకై 1966లో జనులు ప్రాణములర్పించిరి. దాని నిర్మాణమునకై 1979లో సోవియట్ దేశముతో మన ప్రభుత్వము ఒడంబడిక చేసికొనెను. ఉక్కు కరగించు విద్యకు ప్రభుత్వములు ఒడంబడికలు చేసికొనును. పిల్లవానికి అక్షరము నేర్పు విద్యకు మాత్రము తండ్రి యింటి జాగా తాకట్టు! ఢిల్లీలో 2022, 23 సంవత్సరములలో ప్రాథమికోపాధ్యాయులను ఫిన్లాండుకు పంపు విషయమై అచ్చటి ప్రభుత్వమునకును, ఉపరాజ్యపాలునకును పెద్ద వివాదము నడచినది. వ్యయమెంత, ఫలమెంత యని లెక్క యడుగుట తప్పు కాదు, మేమును అడుగుదుము. కాని ఆ లెక్క ఉపాధ్యాయుడు విమానమెక్కునపుడే ఏల గుర్తువచ్చునో మాకు బోధపడదు.

పరదేశమువారే వ్యయము భరించి పిలుచు మార్గములును కలవు. అమెరికావారి ఫుల్‌బ్రైట్ పథకములలో భాషాబోధకులకై తొమ్మిది నెలల కాలపరిమితితో నడచిన దొకటి యున్నది. మన దేశపు ప్రకటనలలో తెలుగు నేర్పువారిని కూడ ఆహ్వానించిరి. అట్టివాటి నిబంధనలు యేటేట మారుచుండును గనుక ఆ యేటి ప్రకటనను స్వయముగా చదువుడు. ఏజెంటు నోట వినకుడు. దరఖాస్తునకు రుసుము అడుగువాడు ఆ పథకమునకు సంబంధించినవాడు కాడు.

ఇప్పుడు మా మనసులోని మాట చెప్పెదము. విదేశమనగానే మంచుదేశములు, ఇంగ్లీషు మాటలు కన్నులకు కట్టుచున్నవి. మారిషస్ ద్వీపమును ఏల తలపరు? 1830ల దశాబ్దము మొదలుకొని ఈ తీరమునుండియే, కోరంగి రేవునుండియు విశాఖ మండలమునుండియు, తెలుగు కూలీలు చెఱకు తోటల పనికై అచ్చటికి పోయిరి. వారి మునిమనుమలు నేడు ఇంట క్రియోలు మాటలాడుదురు. బడిలో తెలుగును ఒక పాఠ్యవిషయముగ చదువుదురు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ 1970లో భారత, మారిషస్ ప్రభుత్వముల సహకారముతో నేర్పడినది. ఇంటి భాష వేఱుగానున్న పిల్లవానికి తెలుగు నేర్పుట యెట్లు? వాల్తేరులో తెలుగు పిల్లలకు తెలుగు చెప్పినవానికి ఈ విద్య యలవడదు. అచ్చట ఆరు నెలలు చెప్పినవానికి అలవడును. అచ్చటి బిడ్డకును నిజమైన మేలు కలుగును. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును సమానముగ నుండు బోధనాభ్యాస మన్న నిట్టిది.

ఆ విద్య మనకు దేనికందురా? పాడేరునకు పోయి చూడుడు. అచ్చట కువి, కొండ, ఆదివాసీ ఒడియా మాటలాడు పిల్లలు మొదటి దినమున తెలుగు బడిలో కూర్చుండి గురువు పెదవులు కదలుట మాత్రము చూచుచుందురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004 ప్రాంతమున ఎనిమిది గిరిజన భాషలలో, 240 బడులలో, తల్లిభాషతో మొదలిడి తెలుగునకు తీసికొనిపోవు బోధన ఆరంభించిరి. ఉద్దేశము గొప్పది. ఉద్దేశమును తరగతిలో నడపుటకు నేర్చిన గురువులు కావలయును. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో సవరభాష నేర్చి, సవర పిల్లలకు ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, సొంత వ్యయముతో బడులు పెట్టిరి. ఆయనకు ఆ కొండ యే విదేశము. వీసా యక్కరలేని విదేశము. కావున విదేశమునకు దరఖాస్తు పెట్టదలచినవాడు ముందుగా తన పదునారు వారములలో కొన్నిటిని పాడేరు కొండలలో గడపవలెనని మేము కోరుదుము. ఏరులో ఈదనివాడు కడలిలో ఈదునా?

తిరిగి వచ్చినవాని సంగతి యింకొకటి యున్నది. దానిని గూర్చి ఎవ్వరును మాటలాడరు. మా యెఱుకలోని యువకుడొకడు నిజముగానే మంచి బడిలో, మంచి గురువు కడ, అయిదారు నెలలు అభ్యాసము చేసి వచ్చెను. అచ్చట నేర్చినదేమి యని యడిగితిమి. "ప్రశ్న వేసి ఊరకుండుట నేర్చితిని" అనెను. పిల్లవాడు ఆలోచించుకొనువఱకు అర నిమిషము గురువు నోరు మూసికొని నిలుచుండుట. చిన్న విషయమే, కాని ఎంత కష్టమో మీలో బోధించినవారికి తెలియును; మా వకీళ్లకు మఱింత బాగుగా తెలియును! ఇచ్చట నొక ప్రయివేటు బడిలో చేరి, ఆ పద్ధతినే ఆచరించెను. మూడవ దినమున యజమాని గది కిటికీలోనుండి చూచి, పిలిపించి, "మౌనవ్రతమునకా జీత మిచ్చుచున్నాము? సిలబస్ ఎప్పుడు ముగియును?" అని యడిగెనట. ఆ యువకుడు నేడు అందఱివలెనే గడగడ చెప్పుకొని పోవుచున్నాడు. అతని ఆరు నెలలు ఎచ్చటికి పోయినవి? పంపువారుండిన చాలదు, వచ్చినవానికి తన తరగతిలో అర నిమిషము ఊరకుండు స్వేచ్ఛ నిచ్చు ప్రధానోపాధ్యాయుడు కూడ ఉండవలయును. విశ్వవిద్యాలయములు ఒడంబడికలు వ్రాసికొనునపుడు, తిరిగి వచ్చినవాడు ఏ బడిలో, ఎన్ని నెలలు, ఎవరికి తన నేర్పును పంచిపెట్టునో ఆ కాగితముననే వ్రాయవలయునని మా సూచన. సర్కారు బడిలో పనిచేయ నిశ్చయించుకొన్న బీదబిడ్డకు తొలి స్థానము, దారిఖర్చు ప్రజాధనము నుండి.

ఆ జాలరి యింటి బిడ్డ ఏమయ్యెనని మీరు తలచుచుండవచ్చును. ఆమె ఆ యాత్రకు పోలేదు. కొన్నాళ్లు మాతో మాటలాడలేదు కూడ. తన పదునారు వారములను ఒక జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో పూర్తిచేసెను. అచ్చటి ప్రధానోపాధ్యాయిని వారమునకు రెండు దినములు వెనుక బల్లపై కూర్చుండి ఆమె పాఠము వినెడిదట. "మొదటి నెల ఆవిడ యెదుట గొంతు వణికినది" అని మొన్న చెప్పినది. ఇప్పుడు పరదేశమువారు వ్యయము భరించు పథకమొకదానికి దరఖాస్తు వ్రాయుచున్నది. రావచ్చును, రాకపోవచ్చును. ఇంటి జాగా పత్రము మాత్రము ఇంటనే యున్నది.

ఇట్టి ఒప్పందములు మీలో కొందఱి చేత ఉన్నవని వింటిమి. ప్రతి ఆదివారము ఉదయము ఎనిమిది గంటలనుండి మేము ఈ పఠనమందిరముననే యుందుము. రుసుము లేదు. కాగితములను సంతకము చేయకముందే తెండు. చేసిన పిమ్మట తెచ్చినను చదివెదము. కాని అప్పుడు రసీదులు, వారు వ్రాసిన లేఖలు, సెల్‌ఫోనులో వచ్చిన సందేశములు, ఒక్కటియు పారవేయక వెంట తెచ్చుకొనుడు.